అలమండ నుంచి తోటపల్లి దాకా ఐదు రోజులు

మొదటి రోజు: అలమండ

కనుమ వెళ్లిన మూడో రోజు పొద్దున్నే విజయనగరం స్టేషన్‌లో విశాఖ వైపు పోయే పాసింజర్ ఎక్కాను. నేను పాలిటెక్నిక్‌లో సివిల్ చెబుతాను. డిసెంబరులో రెండో సంవత్సరం కుర్రాడొకడు క్లాసులో లేచి, "మేడమ్, ఈ సూత్రంలో 15 ఎక్కణ్ణించి వచ్చింది?" అని అడిగాడు. సన్న ఇసుక మీద ఆనకట్ట కట్టేటప్పుడు వాడే అంకె అది. "పట్టికలో ఉంది, రాసుకో" అన్నాను. అన్నానే గానీ ఆ జవాబు ఇంటికొచ్చాక కూడా నన్ను వదల్లేదు. పట్టికలు ఆకాశం నుంచి ఊడిపడవు. ఎక్కడో ఏదో కూలింది, ఎవరో వెళ్లి తవ్వి చూశారు, అప్పుడు ఆ అంకె పుట్టింది. పిల్లలకు ఆ కథ చెప్పాలంటే ముందు నేను నాలుగు చోట్లు తిరిగి రావాలి. దూరం పోనక్కర్లేదు, మన రెండు జిల్లాల్లోనే కావలసినంత ఉంది.

కోరుకొండ దాటాక అలమండలో దిగాను. 2023 అక్టోబరు 29 రాత్రి ఏడు గంటల వేళ, ఈ స్టేషన్‌కీ కంటకాపల్లికీ మధ్య విశాఖ–పలాస పాసింజర్‌ని వెనక నుంచి విశాఖ–రాయగడ పాసింజర్ గుద్దింది. 14 మంది పోయారు. వాళ్లలో వెనక రైలు లోకో పైలట్, అసిస్టెంట్ కూడా ఉన్నారు. పట్టాల మీదకు దిగకూడదు కాబట్టి ప్లాట్‌ఫాం చివర నిలబడి ఆ వైపు చూశాను. మామూలు మూడు లైన్ల దారి, పక్కన తాటిచెట్లు, కోసేసిన పొలాలు. అక్కడ ఏం జరిగిందో చెప్పే గుర్తు ఒక్కటీ నాకు కనబడలేదు.

ఆ సెక్షన్‌లో ఆటోమేటిక్ సిగ్నళ్లు ఉన్నాయి. ముందు రైలుందో లేదో పట్టాల్లో పారే కరెంటే చెబుతుంది. ఎక్కడైనా లోపం వస్తే సిగ్నల్ ఎర్రగా పడాలి తప్ప పచ్చగా పడకూడదు, దాని నిర్మాణమే అలాంటిది. చెడిపోయినా క్షేమం వైపే చెడిపోవాలన్నమాట. మరి చెడిపోయి ఎర్రగా ఉన్నప్పుడు రైళ్లు రోజంతా ఆగిపోకూడదు కదా? దానికో నిబంధన పెట్టారు. ఎర్ర సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలు ఆగాలి, ఆ తర్వాత గంటకు 10 కిలోమీటర్ల వేగంతో కళ్లు విప్పుకుని వెళ్లాలి. ఆ రాత్రి లోపం వచ్చిన రెండు సిగ్నళ్లను ఈ నిబంధన పాటించకుండా దాటారని ప్రాథమిక విచారణ తేల్చింది. డ్రైవరు ఎరుపును దాటితే తానే బ్రేకు వేసే కవచ్ అనే ఏర్పాటును మన దేశంలోనే తయారుచేశారు. ఆ రోజుకి అది ఈ దారిలో లేదు.

నాకు ఐర్లండ్‌లోని ఆర్మా గుర్తొచ్చింది. 1889 జూన్ 12న సండే స్కూలు పిల్లలతో బయల్దేరిన 15 పెట్టెల రైలు ఎత్తు ఎక్కలేక ఆగిపోయింది. వెనక పది పెట్టెలు విప్పేసి, చక్రాల కింద రాళ్లు పెట్టి, ముందు భాగాన్ని తీసుకుపోదామనుకున్నారు. ఇంజను కదిలేటప్పుడు కొంచెం వెనక్కి జరిగింది. ఆ తోపుకి పది పెట్టెలు రాళ్లను నలిపేసుకుంటూ పల్లానికి దొర్లి, వెనక వస్తున్న రైలును ఢీకొన్నాయి. 80 మంది చనిపోయారు, వాళ్లలో చాలామంది పిల్లలు. ఆ రైలుకు ఉన్న వాక్యూమ్ బ్రేకు గొట్టం కలిపి ఉన్నప్పుడే పనిచేసే రకం. విప్పితే ఇక బ్రేకు లేనట్టే. దానికి తిరగబడిన ఆలోచనను జార్జ్ వెస్టింగ్‌హౌస్ అప్పటికే పదిహేనేళ్ల ముందు చేసి చూపించాడు. గొట్టం తెగితే, గాలి పోతే, బ్రేకు దానంతటదే పడాలి. ఆర్మా తర్వాత ఆ ఏడాదే బ్రిటన్ చట్టం చేసింది. ప్రయాణికుల రైళ్లన్నిటికీ తెగితే పడే బ్రేకు ఉండాలి, రెండు రైళ్ల మధ్య ఇన్ని నిమిషాలని కాకుండా ఇంత దూరం అని లెక్క ఉండాలి. ఆ దూరాన్ని కాపాడే పనే ఈరోజు అలమండ సిగ్నల్ కూడా చేస్తోంది.

నేను ఎక్కి వచ్చిన పాసింజర్‌కీ ఆ బ్రేకే ఉంది. అలమండలో రెండు రైళ్లకూ ఉంది. కాకపోతే బ్రేకు వేయాల్సిన క్షణాన్ని మనిషికే వదిలేశాం. మనిషి అలసిపోతాడు, పొరపడతాడు. ఆ ఇద్దరిని తప్పుపట్టడంతో లెక్క తీరిపోతుందని నేను అనుకోను.

తిరుగు రైలుకు గంటన్నర ఉంది. ప్లాట్‌ఫాం మీద వేరుశనక్కాయలు అమ్మే ఆవిడ దగ్గర పది రూపాయలవి కొనుక్కుని కూర్చున్నాను. ఆ రాత్రి గురించి ఆవిడని ఏమీ అడగలేకపోయాను.

రెండో రోజు: పొందూరు

పొద్దుటి రైల్లో పొందూరు. ఊళ్లోకి వెళ్లేసరికి మంచు ఇంకా విడలేదు. ఖద్దరు సంఘం వాళ్లు ఒక ముసలావిడ ఇంటికి తీసుకెళ్లారు. అరుగు మీద చాప వేసుకుని, ఒళ్లో కొండపత్తి పెట్టుకుని ఆవిడ పని చేసుకుంటోంది. చేతిలో వాలుగ చేప దవడ.

వినడం వేరు, చూడడం వేరు. ఎండిన దవడ ఎముక, పట్టుకోవడానికి ఒక పుల్లకు కట్టి ఉంది. పళ్లు సూదుల్లా కాకుండా మరీ సన్నగా, ఒత్తుగా, అన్నీ లోపలికే వంగి ఉన్నాయి. వేలితో ఒక వైపు రాస్తే నున్నగా ఉంటుంది, రెండో వైపు పట్టేసుకుంటుంది. గింజతో ఉన్న పత్తి కాయను ఎడమ చేత్తో పట్టుకుని ఆ పళ్ల మీద మెల్లగా దువ్వుతుంది. ఆకు తుంపులు, నలకలు రాలిపోతాయి, పోగులన్నీ ఒక దిక్కుకు తిరుగుతాయి. నాకిచ్చి చెయ్యమంది. నేను రెండుసార్లు లాగేసరికి పోగులు తెగిపోయాయి. "నాగక్కర్లేదమ్మా, అదే ఒత్తాది" అంది. లాగనక్కర్లేదు, అదే వస్తుందని. చెయ్యి పట్టుకుని చూపించింది. బలం పళ్లది కాదు, వంపుది. పోగు తెగేంత పట్టు పట్టవు, నలక జారిపోయేంత వదులుగానూ ఉండవు.

ఆ తర్వాత పత్తిని చెక్క మీద పెట్టి ఇనపపుల్ల దొర్లిస్తే గింజ బయటకు జారుతుంది. దాన్ని ఏకి, ఏకులు చుట్టి, ఎండిన అరటి పట్టలో దాస్తారు. ఏకుకు దుమ్ము తగలదు, చెమట చెయ్యి తగలదు, పోగులు చెదరవు. మిల్లుకు పోయే పత్తిని బేళ్లుగా అదిమి, మళ్లీ యంత్రంలో చీల్చి విడదీస్తారు. ఇక్కడ ఆ అదమడమే లేదు కాబట్టి పోగు నలగదు. అందుకే రాట్నం మీద నూరో నంబరు నూలు తీయగలుగుతున్నారు. నూరో నంబరంటే ఎంత సన్నమో అక్కడే కాగితం మీద లెక్క కట్టాను. 840 గజాల చిలపలు ఒక పౌనుకు ఎన్ని తూగితే అది నంబరు. అంటే నూరో నంబరు నూలు ఒక్క పౌను 84,000 గజాలు, దాదాపు 77 కిలోమీటర్లు. అరకిలో కూడా లేని నూలు విజయనగరం నుంచి పరుచుకుంటూ వస్తే శ్రీకాకుళం దాటేస్తుంది.

రాట్నాన్ని బాగుచేయాలని గాంధీగారి కాలంలోనే గట్టిగా ప్రయత్నించారు. 1929లో అఖిల భారత చరఖా సంఘం లక్ష రూపాయల బహుమతి ప్రకటించింది. ఆ రోజుల్లో లక్షంటే మాటలు కాదు. యంత్రం ధర 150 రూపాయలు దాటకూడదు, మన దేశంలోనే చేయగలగాలి, ఇంట్లో ఆడవాళ్లు అలసిపోకుండా ఎనిమిది గంటలు తిప్పగలగాలి, ఇరవై ఏళ్లు మన్నాలి. ఆ బహుమతి ఎవరికీ దక్కలేదు. చాలా ఏళ్ల తర్వాత తమిళనాడు నుంచి ఏకాంబరనాథన్ అనే ఆయన ఎక్కువ కదుళ్ల చరఖా తెచ్చాడు, ఆయన పేరు మీదే అంబర్ చరఖా అయింది. గెలిచినవాడు లేని ఆ పోటీ నాకు ఎంతో ఇష్టం. ఏం కావాలో, ఎవరి చేతికి కావాలో, ఎంత ఖరీదులో కావాలో ముందే అంత స్పష్టంగా రాసిన షరతుల కాగితాలు మా వృత్తిలో తక్కువ కనబడతాయి.

ముసలావిడ ఇంటి పక్క ఆడపిల్లలెవరూ ఈ పని నేర్చుకోవడం లేదట. రోజంతా కూర్చుంటే వచ్చే కూలి ఎంతో చెప్పింది. విన్నాక ఎందుకు నేర్చుకోవడం లేదని అడగబుద్ధి కాలేదు. నేసే చేతులకి సరైన కూలి ఇవ్వకుండా కళ అంతరించిపోతోందని బాధపడడంలో అర్థం లేదు.

సాయంత్రం ఆమదాలవలసలో మా మేనమామ ఇంటికి చేరాను. మావయ్య నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాడు. డెబ్బై మూడేళ్లు. "గొట్టాకి నానూ ఒత్తాను" అన్నాడు కంచం ముందు కూర్చోగానే. గొట్టా బ్యారేజీకి తనూ వస్తానని.

మూడో రోజు: అరసవల్లి

రథసప్తమి ఇంకా రాలేదు కాబట్టి గుళ్లో జనం పలచగానే ఉన్నారు. దర్శనం చేసుకుని వాకిట్లో కూర్చుని తూర్పు వైపు చూశాను. మార్చి 9 నుంచి 11 దాకా, అక్టోబరు 1 నుంచి 3 దాకా ఉదయపు కిరణాలు గర్భగుడిలోకి వచ్చి స్వామి పాదాలు తాకుతాయి. ఈ రెండు తేదీలు చూడండి. మార్చి 20 ప్రాంతంలో వచ్చే, పగలూ రాత్రీ సమంగా ఉండే విషువత్తుకు పది రోజుల ముందు ఒకటి, సెప్టెంబరు 23 దాటిన పది రోజులకు ఇంకొకటి. ఆ రెండు వేళల్లోనూ సూర్యుడు ఆకాశంలో దాదాపు ఒకే చోట ఉదయిస్తాడు. ఏడో శతాబ్దంలో మొదలైన గుడి అంటారు. గర్భగుడికీ వాకిలికీ మధ్య గీతను ఆ ఉదయానికి సరిపడేలా నిలిపినవాళ్లు కనీసం కొన్నేళ్లు పుల్ల పాతి నీడను చూసి ఉంటారు. కట్టడం కంటే ముందు చూడడం. మా పిల్లలకి సర్వే క్లాసంటే విసుగు, ఈసారి అరసవల్లితో మొదలుపెడతాను.

మిగతా రోజంతా మావయ్యకు డాక్టరు దగ్గర పని ఉండడంతో శ్రీకాకుళంలోనే గడిచిపోయింది.

నాలుగో రోజు: గొట్టా

అలికాం–బత్తిలి రోడ్డు మీద బస్సు. సరుబుజ్జిలి దాటాక చలిగాలి కిటికీలోంచి కోస్తోంది. వరి కోసిన మడుల్లో మినుము, పెసర మొలిచి పచ్చగా ఉన్నాయి. హిరమండలంలో దిగి ఆటో ఎక్కాం.

గొట్టా బ్యారేజీ 1970లలో కట్టినది. వంశధార మీద ఇరవై రెండు గేట్లు, జనవరి కదా, చాలావరకు దించే ఉన్నాయి. పైవైపు నీరు అద్దంలా ఉంది, కిందివైపు తెల్లటి ఇసుక, మధ్యలో సన్నటి పాయలు. ఎడమ కాలువ ఇక్కణ్ణించి 104 కిలోమీటర్లు పోతుంది, లక్షా నలభై ఎనిమిది వేల ఎకరాల కోసం. దగ్గర్లోనే 19 టీఎంసీల హిరమండలం జలాశయం ఉంది. దాని కోసం ఖాళీ అయిన ఊళ్ల పేర్లు మావయ్య వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పాడు. ఒకదాంట్లో ఆయన వియ్యాలవారి ఇల్లు ఉండేది. నీటి లెక్కలు వేసేటప్పుడు ఆ ఊళ్ల లెక్క పక్క కాగితంలో ఉంటుంది, రెండూ ఒకే కాగితంలో ఉండాలని నా అభిప్రాయం.

ఇప్పుడు కుర్రాడి 15 దగ్గరికి వద్దాం. రాతి మీద కట్టిన ఆనకట్టకు ప్రధాన శత్రువు నీటి తోపు. ఇసుక మీద కట్టిన దానికి ఇంకో శత్రువు కింద ఉంటుంది. పైవైపు నీరు ఆగితే, ఆ బరువుకి కొంత నీరు పునాది కింద ఇసుకలోంచి దూరి కిందివైపు పైకి లేస్తుంది. లేచే వేగం ఎక్కువైతే ఇసుక రేణువులు తేలిపోతాయి. ఒక్కో రేణువూ కొట్టుకుపోతూ వెనక్కి సొరంగం పడుతుంది. పైన కాంక్రీటు చెక్కుచెదరకుండా ఉంటుంది, కింద బోలుగా అయిపోతుంది. ఒకరోజు కుంగుతుంది.

1895లో పంజాబ్‌లో చీనాబ్ మీద ఖాంకీ ఆనకట్ట దెబ్బతింది. రూర్కీలో కల్నల్ క్లిబార్న్ ఆ ఇసుకనే గొట్టంలో నింపి నీళ్లు పారించి కొలిచాడు. 1898లో గంగ మీద నరోరా ఆనకట్ట కూలింది. వీటన్నిటి నుంచీ 1910లో బ్లై అనే ఇంజనీరు సులువైన సూత్రం తీశాడు. నీరు పునాది అంచు వెంట పాకుతుంది కాబట్టి, పాకే దారి పొడవు ఆగిన నీటి ఎత్తుకు ఇన్ని రెట్లు ఉండాలి. ముతక ఇసుకైతే 12, సన్న ఇసుకైతే 15. నాలుగు మీటర్ల నీటిని ఆపాలంటే అరవై మీటర్ల దారి. ఆ 15 వెనక ఖాంకీ ఉంది, నరోరా ఉంది.

కథ అక్కడితో అయిపోలేదు. బ్లై లెక్క ప్రకారమే కట్టిన ఎగువ చీనాబ్ కాలువ సైఫన్లు, అంటే ఒక ప్రవాహం కింద నుంచి ఇంకో ప్రవాహాన్ని దాటించే కట్టడాలు, ఇబ్బంది పెట్టాయి. 1926–27లో ఎ.ఎన్. ఖోస్లా అనే ఇంజనీరు వాటి పునాదుల్లోకి గొట్టాలు దించి నీటి ఒత్తిడిని నేరుగా కొలిస్తే, బ్లై చెప్పినట్టు లేదు. అడ్డంగా పాకే దారీ, నిలువుగా దిగే దారీ ఒకటి కావు. కిందివైపు చివర లోతుగా దింపిన గోడే అన్నిటికంటే ఎక్కువ పని చేస్తుంది, నీరు బయటపడే చోట వేగాన్ని అదే తగ్గిస్తుంది. 1936లో ఆ సిద్ధాంతం అచ్చయింది. ఇదే ఖోస్లా తర్వాత రోజుల్లో ఒడిశా గవర్నరుగా చేశారు. వంశధార పుట్టేది ఆ రాష్ట్రంలోనే. ఖోస్లా గొప్పతనం నాకు సూత్రంలో కంటే ఆ గొట్టాల్లో కనిపిస్తుంది. పుస్తకం ఒకటి చెబుతున్నా, పునాదిని అడిగి చూశాడు.

మావయ్యకు ఈ పేర్లేవీ తెలియవు. నా మాటలు విని, "రా, నీకో సంగతి సూపిత్తాను" అని దగ్గర్లోని ఒక పిల్లకాలువ గట్టు దిగువకు తీసుకెళ్లాడు. గట్టు కాలి దగ్గర గడ్డి మధ్య అరచేతంత తడి, దాని నడుమ చిన్న ఊట. వంగి చూశాను. నీరు ఆగకుండా పైకి వస్తోంది. దాని నోట్లో ఇసుక రేణువులు, ఉడికే అన్నంలో మెతుకుల్లా లేచి, తిరిగి, మళ్లీ అక్కడే పడుతున్నాయి. చుట్టూ చీమల పుట్టంత దిబ్బ కూడా లేదు. నీరు తేటగా ఉంది. మావయ్య వేలు ముంచి నాలుగు వేళ్ల మధ్య రాసి చూశాడు.

"తేటగా ఒత్తే భయం నేదు. ఊట గట్టుకి సహజం. బురదగా ఒచ్చిందా, బేగి పరిగెట్టాల."

"పరిగెట్టి ఏం చెయ్యాలి మావయ్యా? మూసెయ్యాలా?"

"మూత్తే ఇంకోచోట పొడుచుకొస్తాది. సుట్టూ బస్తాలు ఏసి నీరు కాస్త నిలబెట్టాల. మీద గులక, దాని మీద రాయి. నీరు పోనీ, ఇసక పోకూడదు."

నీరు పోనీ, ఇసుక పోకూడదు. వడపోత పొరల మీద నేను రెండు క్లాసులు తీసుకునే పాఠం మొత్తం ఇదే. బస్తాల లోపల నీరు నిలిస్తే ఎత్తు తేడా తగ్గుతుంది, ఊట వేగం తగ్గుతుంది.

1976 జూన్‌లో, గొట్టా కట్టిన ఆ దశాబ్దంలోనే, అమెరికాలో టీటన్ అనే కొత్త మట్టి డ్యామ్ మొదటిసారి నిండుతుండగా దిగువన తేట ఊటలు కనిపించాయి. 5వ తేదీ పొద్దున్న బురద నీరు వచ్చింది. బుల్‌డోజర్లతో ఆ కన్నంలోకి మట్టి తోయబోతే బుల్‌డోజర్లే మునిగిపోయాయి. మధ్యాహ్నం పన్నెండుకు మూడు నిమిషాల ముందు డ్యామ్ తెగింది. 11 మంది చనిపోయారు. బురద కనబడిన దగ్గర్నుంచి తెగేదాకా ఒక పూట కూడా లేదు. మావయ్య "బేగి" అన్నది ఊరికే అనలేదు.

బ్యారేజీ మీదకు తిరిగొచ్చి గేట్లు చూస్తూ తుంగభద్ర గురించి మాట్లాడుకున్నాం. 2024 ఆగస్టు 10 రాత్రి 33 గేట్లలో 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. డ్యామ్ పూర్తయి అప్పటికి డెబ్బై ఏళ్లు దాటింది. వారం తిరక్కుండా, నీరు పారుతుండగానే, ఆ ఖాళీలోకి స్టాప్‌లాగ్‌లనే అడ్డుపలకలు దింపించినవారు గేట్ల నిపుణులు కన్నయ్యనాయుడు. అప్పటికే రిటైరైన మనిషి. ఆ వారం మావయ్య టీవీ ముందు నుంచి లేవలేదట. "డేమ్ డెబ్బయ్యేళ్లు నిలబడింది, పోయింది ఒక గొలుసు లింకు" అన్నాడు. తన సర్వీసులో గొలుసుకి గ్రీజు పెట్టారా లేదా అని చేత్తో తడిమి చూసి గానీ రిజిస్టర్లో సంతకం పెట్టలేదని చెప్పాడు. నేను నమ్ముతాను. ఇప్పటికీ మా ఇంట్లో గేటు బోల్టు కూడా తడిమి చూస్తాడు.

ఐదో రోజు: తోటపల్లి

రాత్రి పాలకొండలో ఉండి, పొద్దున వీరఘట్టం మీదుగా తోటపల్లి. ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లా గానీ, మొన్నమొన్నటి దాకా మా విజయనగరమే. నాగావళి మీద 2015లో ప్రారంభమైన కొత్త బ్యారేజీ, అంతకు ముందు ఆ పని చేసిన 1908 నాటి పాత రెగ్యులేటరు. 64 వేల ఎకరాలు దాని మీద బతికాయి. నరోరా కూలిన పదేళ్లకు, బ్లై సూత్రం అచ్చవడానికి రెండేళ్ల ముందు కట్టారు. చేతిలో సూత్రం లేకుండా అంతకాలం పని చేసిందంటే, కట్టినవాళ్లు కావలసినదానికంటే ఎక్కువే వేసి ఉంటారు.

రాతి మీద కూర్చుని మావయ్యకు ఒక కథ చెప్పాను. తోటపల్లి కట్టడానికి ముందటేడు, 1907 ఆగస్టు 29న, కెనడాలో క్యూబెక్ వంతెన కడుతుండగానే కూలింది. 86 మందిలో 75 మంది పోయారు. సలహా ఇంజనీరు థియోడర్ కూపర్ ఆ రోజుల్లో చాలా పేరున్నవాడు. నడిమి దూరాన్ని 1,600 అడుగుల నుంచి 1,800కు పెంచాడు, పెరిగిన బరువును మాత్రం సరిగా మళ్లీ లెక్కించలేదు. ఆరోగ్యం బాగాలేక సైటుకు రాలేదు, న్యూయార్క్ నుంచే నడిపించాడు. సైటులో ఉన్న కుర్ర ఇంజనీరు మెక్లూర్ ఒక ఉక్కు దూలం వంగుతోందని చూశాడు. ముప్పావు అంగుళం వంపు రెండు వారాల్లో రెండుంపావు అంగుళాలైంది. ఉత్తరాలు రాశాడు, చివరికి తనే న్యూయార్క్ వెళ్లాడు. ఇక బరువు వేయొద్దని కూపర్ తంతి ఇచ్చాడు. అది క్యూబెక్ చేరలేదు. ఆ సాయంత్రమే వంతెన నదిలో పడింది.

మావయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నేనే చెప్పాను, ఎవరికీ చెప్పని సంగతి. చదువైన కొత్తలో ఒక కాంట్రాక్టరు దగ్గర సైటు ఇంజనీరుగా ఉన్నాను. గెడ్డ మీద, అంటే వాగు మీద, చిన్న కల్వర్టు. కిందివైపు మీటరు లోతు గోడ దిగాలని డ్రాయింగ్‌లో ఉంది. తవ్వింది సగమే. చూశాను, అడిగాను. "వానలొచ్చేస్తున్నాయమ్మా, తర్వాత చూద్దాం" అన్నారు. నేను గట్టిగా పట్టుబట్టలేదు. కొలతల కాగితం మీద సంతకం పెట్టాను. రెండో వానాకాలానికి ఆప్రాన్, అంటే కిందివైపు నేల మీద పరిచిన పలక, కింద ఇసుక పోయి కుంగింది. ఎవరికీ ఏమీ కాలేదు. మళ్లీ కట్టారు. కానీ పొద్దున్న బడికి పిల్లలు దాని మీదుగానే వెళ్లేవాళ్లు.

"మెక్లూర్ రైలెక్కి వెళ్లాడు మావయ్యా. నేను ఫోన్ కూడా చెయ్యలేదు."

"మరి ఇది పిల్లలకి సెప్పావా?" అన్నాడు.

చెప్పలేదు. పద్నాలుగేళ్లుగా ఖోస్లా వక్రరేఖలు గీస్తున్నాను గానీ ఆ కల్వర్టు గురించి ఒక్కసారీ నోరు విప్పలేదు.

మధ్యాహ్నం పార్వతీపురంలో మావయ్యను ఆమదాలవలస బస్సు ఎక్కించి నేను విజయనగరం రైలెక్కాను. సంచిలో మూడు కిలోల వంశధార ఇసుక, నిన్న గొట్టా దిగువన మావయ్యే జల్లించి, గుడ్డలో మూటకట్టి ఇచ్చాడు. సోమవారం రెండో సంవత్సరం క్లాసుంది. ప్లాస్టిక్ బకెట్‌కి అడుగున కన్నం పెట్టించి గొట్టం బిగించాలి. ఇసుక నింపి, మీద రెండు కిలోల తూకంరాయి నిలబెట్టి, కింద నుంచి మెల్లగా నీళ్లు వదలాలి. రాయి ఎప్పుడు కుంగుతుందో ఆ 15 అడిగిన కుర్రాడినే దగ్గర కూర్చుని చూడమంటాను. అది కుంగాక కల్వర్టు సంగతి చెబుతాను.